ఏడో పేజీ

జూన్ 2

ఈ నోటుబుక్కు నా కోసమే. ఇరవై మూడేళ్లు ఇతరుల కోసం రాశాను. వ్యవసాయ శాఖ ప్రచురణల విభాగంలో కూర్చుని విత్తనాల మీద, ఎరువుల మీద, మట్టి కొట్టుకుపోకుండా ఆపడం మీద చిన్న చిన్న పుస్తకాలు రాశాను. అవి ఎవరు చదివారో తెలియదు. చదవకుండా వాటి మీద తీర్పులు చెప్పినవాళ్లు మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారు.

డెబ్బై ఒకటో ఏట ఎకరన్నర వాలు నేల కొన్నాను. ఎర్రమట్టి, దాని మీద పలచగా గులకరాయి. పైన ఒక పనసచెట్టు, కింద సరిహద్దు వాగు. కొత్త చోటేమీ కాదు. ఉద్యోగంలో ఉండగా పుస్తకాల కట్టలు జీపులో వేసుకుని ఈ వాలు మీదుగా మూడుసార్లు వెళ్లాను. అప్పుడే దీని మీద కన్నేశాను.

ఇవాళ బావమరిది కారులో మా ఆవిణ్ణి తీసుకుని వచ్చాడు. నేను టార్పాలిన్ పట్టా కింద చాప వేసుకుని కూర్చున్నాను. అరటి పిలకలు ఇరవై నాటాను, కర్రపెండలం ముక్కలు రెండు వరుసలు గుచ్చాను. అవేవీ వాడికి కనిపించలేదు. కాంట్రాక్టరు కదా, సిమెంటు లేనిచోట వాడికి చూపు ఆనదు.

"బావగారూ, ఇది ఇల్లా, పిట్టగూడా?"

"పిట్ట ఎవరి సలహా అడక్కుండా కట్టుకుంటుంది, బావా."

"సలహా కాదు, షరతు. వానలు పోయేలోగా ఇక్కడ నాలుగు గోడలు నిలబడితే అక్క వస్తుంది. లేదంటే అక్టోబరు మొదటివారం లారీ తెస్తాను. సామాన్లతోపాటు మిమ్మల్నీ ఎక్కించుకుని పోతాను. ఈ చెలక ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్మేద్దాం."

ఆవిడ నేల మీద గీసిన వంటగది గీతల మధ్య కాసేపు నిలబడింది. వెళ్లేముందు మాత్రం ఒక మాట అంది.

"వంటగట్టు ఎత్తుగా కట్టకండి. ఈసారైనా."

షరతుకు సరే అన్నాను. లారీ తెచ్చుకోనీ. ఖాళీగానే పోతుంది.

జూన్ 3

ఆవిడ రావాలని నేనేమీ అనుకోవడం లేదు.

జూన్ 9

కందకం మొదలుపెట్టాను. ముందు కందకం, తర్వాతే గోడలు. వాలు నేలలో ఇల్లు కట్టేవాడు మొదట నీటికి దారి చెప్పాలి. ఈ వాక్యం నాదే, నా పుస్తకంలోదే.

ఆ పుస్తకం ప్రతులు ట్రంకుపెట్టెలో నలభై ఒకటి ఉన్నాయి. 'వాలు నేలలో వాన నీరు', పదహారు పేజీలు. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలొస్తాయి. పదిహేడోది కావాలంటే ఇంకో కాగితం వెయ్యాలి, దానికి శాఖ ఒప్పుకోదు. ఎక్కువైన వరుసలన్నీ నేనే కోశాను. కోసినచోటు కనిపించకుండా కోయడం ఒక విద్య. అది ఆ ఆఫీసులో నాకొక్కడికే వచ్చు.

కందకానికి గీత కొలిచే చట్రం సులువైనది. రెండు కర్రల్ని కాళ్లలా చాపి పైన కలిపి కట్టాలి, నడుమ ఒక అడ్డకర్ర. పైనుంచి రాయి కట్టిన తాడు వేలాడుతుంది. తాడు అడ్డకర్ర మధ్య పెట్టిన గుర్తు మీదికి వస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలా ఒక్కో అంగ వేసుకుంటూ వాలుకు అడ్డంగా పోతే నేల మీద సమమైన గీత దొరుకుతుంది. ఆ గీత వెంట తవ్విన కందకంలో వాన నీరు పరుగెత్తదు. అక్కడే నిలబడి నేలలోకి ఇంకుతుంది. కర్రలు కొట్టడం, కట్టడం, గుర్తు పెట్టడం, అంతా ఏడో పేజీలో ఉంది.

ఆ ఏడో పేజీ మీదే డైరెక్టరు నన్ను ముంచాడు. పుస్తకం చూసి తవ్విన కందకాలు రెండు మూడు ఊళ్లలో తెగిపోయాయని ఎవరో ఫిర్యాదు పెట్టారు. నన్ను గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. "ఏడో పేజీ ఓసారి చూసుకోవయ్యా" అన్నాడు, పిల్లవాడి ఎక్కాల పుస్తకం వెనక్కి ఇచ్చినట్టు. ఆ పేజీలో ఒక్క అచ్చుతప్పు లేదండీ అన్నాను. నిజంగానే లేదు. మిగిలిన ప్రతుల్ని గోదాములో పడేశాడు, నన్ను స్టోర్సుకు మార్చాడు. పదకొండేళ్లు గోనెసంచులు లెక్కపెట్టి రిటైరయ్యాను. ఆయన పోయినప్పుడు ఆఫీసువాళ్లు కబురు చేశారు. ఆ రోజు నాకు క్షవరం పని ఉందని చెప్పాను.

ఆ ఏడో పేజీ నేనెందుకు చూడాలి? రాసింది నేను.

జూన్ 10

చేతులు బొబ్బలెక్కాయి. పలుగు పట్టుకోవడం గురించి చదివిన పుస్తకాల్లో బొబ్బల ప్రస్తావన లేదు. ఒంటరి జీవితం మీద ఓ నలభై పుస్తకాలు చదివి ఉంటాను, గిన్నెలు ఎవరు తోమారో వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

జూన్ 21

కందకం పూర్తయింది. పడమటి సరిహద్దు నుంచి తూర్పున వంటగది పైదాకా, చట్రంతో కొలిస్తే డెబ్బై ఆరు అంగలు. మోకాలి లోతు. తవ్విన మట్టి కింది వైపు గట్టుగా పోశాను, గట్టు మీద చిలగడదుంప తీగలు పరిచాను.

సాయంత్రం కింది చేను ఆవిడ వచ్చింది. అరవై ఉంటాయేమో. నా నేల కిందే ఆమెకు కంద, పసుపు మడులు, ఒక మూల పందిరి కింద అమ్మకానికి పెంచే నారు. మూడు మేకలు. భర్త పోయి ఐదారేళ్లయిందట. నడుం మీద చేతులు పెట్టుకుని కందకాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఒక్కరే తవ్వారా సారూ?"

"ఒక్కణ్ణే."

"గట్టివారే. కాని అది తూర్పుకి తల వాల్చి పడుకున్నట్టుందే."

"కంటికి అలాగే అనిపిస్తుందమ్మా. కన్ను మోసం చేస్తుందనే కదా కొలత పెట్టుకున్నది."

"ఏమో సారూ. నాకు కొలతలు రావు, కళ్లే ఉన్నాయి" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

చదువుకోనివాళ్ల ధీమాయే వేరు.

జూలై 4

గోడలు లేస్తున్నాయి. మట్టిని తొక్కి, గడ్డి కలిపి, ముద్దలు ముద్దలుగా వరుస పేర్చి, రెండు రోజులు ఆరనిచ్చి, దాని మీద ఇంకో వరుస. వంటగదికి మూడు వైపులా ఛాతీ ఎత్తు వచ్చింది. వరుస ముగిసినప్పుడల్లా పైన రేకులు కప్పుతున్నాను.

వంటగట్టు ఎత్తు దగ్గర ఆగాను. ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు గట్టు నా కొలతకు కట్టించాను. నేను ఒక్కనాడూ దాని ముందు నిలబడలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఆవిడ పీటెక్కి వండింది. ఆ పీటను నేను చూడలేదని కాదు, రోజూ కాలికి తగిలేది.

ఆవిడ మోచెయ్యి నాకు ఎక్కడికి వస్తుందో గుర్తు తెచ్చుకోవడానికి గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను. బస్సులో పక్కన నిలబడ్డప్పుడు ఆవిడ మోచెయ్యి నా పక్కటెముకల కింద గుచ్చుకునేది. అక్కణ్ణుంచి జానెడు కిందికి గుర్తు పెట్టాను.

ఏదో ఒక ఎత్తు పెట్టాలి కదా. అంతే.

జూలై 15

ముసురు. బావమరిది ఫోను చేశాడు. సిగ్నలు కోసం పనసచెట్టు పక్కన బండ ఎక్కితే గాని మాట వినపడదు.

"ఎన్ని గోడలైనాయి బావగారూ?"

"నువ్వు లారీకి గాలి కొట్టించుకో, చాలు."

బండ దిగుతూ జారి మోకాలు చెక్కుకుపోయింది. వాడికి తెలియదు. తెలియనివ్వను.

జూలై 26

పోయింది.

తెల్లవారుజాము నుంచి కుండపోత. ఏడింటికి పెద్ద చప్పుడైంది. పరుగెత్తేసరికి కందకం తూర్పు చివర గట్టు తెగి ఉంది, మనిషి పట్టేంత గండి. నీళ్లన్నీ ఆ చివరకే వచ్చి చేరాయి. పడమటి సగంలో అరచెయ్యి లోతు నీళ్లు కూడా లేవు. గండిలోంచి వచ్చిన నీళ్లు నేరుగా వంటగది మీద పడ్డాయి. తూర్పు గోడ నా కళ్లముందే తడిసిన రొట్టెలా కూర్చుంది. ఉత్తరపు గోడ సగానికి జారింది.

నీళ్లు అక్కడా ఆగలేదు. వాటి వెంట నా మట్టీ, నా అరటీ కిందికి పోయి ఆమె నారు పందిరిని కప్పేశాయి.

ఆమె మోకాలి లోతు బురదలో నిలబడి పసుపు దుంపలు ఏరుకుంటోంది. పైకి చూసింది. నేను లోపలికి వచ్చేశాను. లోపల అంటే పట్టా కింద.

జూలై 27

ఆలోచించాను. కారణం దొరికింది. మేకలు. తూర్పు చివర గట్టు మీద తీగలు మేయడానికి ఎక్కి గట్టును తొక్కేసి ఉంటాయి. వెళ్లి చెప్పాను. మర్యాదగానే చెప్పాను.

"మా మేకలా?" అంది ఆమె. చేతిలో పార ఉంది. "మా మేకలకి పలుగు పట్టడం వచ్చంటారా సారూ?"

"తొక్కుతాయి కదా."

"తొక్కితే ఒక్క చివరే ఎందుకు తొక్కాలి? పడమటి చివర గడ్డి చేదుగా ఉందా వాటికి?"

"నేను కొలత వేసి తవ్వానమ్మా. కొలత తప్పదు."

"అయితే నీళ్లే తప్పు. వాటికి చదువు లేదు, మీ కొలత చదవలేకపోయాయి. నా నారుమడి నాశనం చేసి నా మేకల మీద పెట్టడానికి వచ్చారా? ఎక్కండి, పైకెక్కండి!"

ఎక్కాను.

జూలై 28

వాన. పని లేదు.

జూలై 30

ఆమె వచ్చింది. నేను పిలవలేదు. కూలిన గోడ పక్కన నిలబెట్టి ఉన్న చట్రాన్ని చూపించింది.

"దీంతోనేనా కొలిచింది?"

"దీంతోనే."

"ఎప్పుడైనా దీన్ని తిప్పి చూశారా?"

"తిప్పడమేమిటి?"

ఆమె రెండు గులకరాళ్లు ఏరి నేల మీద దూరంగా పెట్టింది. చట్రం ఒక కాలు ఈ రాయి మీద, ఇంకో కాలు ఆ రాయి మీద నిలబెట్టింది. తాడు ఆగేదాకా చూసి, పడినచోట అడ్డకర్ర మీద బొగ్గుతో గీత పెట్టింది. తర్వాత చట్రాన్ని అటుదిటు తిప్పి, కుడికాలు ఉన్నచోట ఎడమకాలు, ఎడమకాలు ఉన్నచోట కుడికాలు పెట్టింది. రాళ్లు అవే, నేల అదే. తాడు ఇంకోచోట పడింది. అక్కడ ఇంకో గీత. రెండు గీతల నడిమధ్య మూడోది గీసింది.

"ఇదీ అసలు గుర్తు."

నేను పెట్టిన గుర్తు దానికి రెండు వేళ్ల అవతల ఉంది.

"ఏ కాలు కురచో కర్రకి తెలియదు పాపం. ముందు తిప్పి చూసుకోవాలి. తిప్పకపోతే ప్రతి అంగకీ కాస్త కాస్త దిగిపోతూనే ఉంటారు. మీరెన్ని అంగలు వేశారు?"

"డెబ్బై ఆరు."

"బాగానే దిగారు."

నీకెవరు నేర్పారని అడిగాను.

"మా ఆయన. ఎవరో ఆఫీసువాళ్లు జీపులో వచ్చి పుస్తకాలు పంచారు, పాతికేళ్ల కిందట. అది చూసి ఆయన తవ్వాడు. మొదటి వానకే తెగి, ఆ ఏడు దుంపంతా వాగులో కలిసింది. ఆయనకి అక్షరమ్ముక్క వచ్చు కదా, అదే ముంచింది. పుస్తకంలో ఉన్నది తప్పవుతుందా అని తనదే తప్పనుకున్నాడు. ఎండాకాలమంతా ఈ కర్రలు పట్టుకుని కిందామీదా పడి, చివరికి ఇది కనిపెట్టాడు."

చట్రాన్ని నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

జూలై 31

ఏడో పేజీ చూశాను.

'అడ్డకర్రను కొలిచి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి.' ఆ తర్వాతి వాక్యం: 'ఇప్పుడు చట్రం సిద్ధం.' అంతే ఉంది. తిప్పమని లేదు. ఒక్క అచ్చుతప్పు లేదు.

కోసినచోటు కనిపించడం లేదు.

ఆగస్టు 2

ఇది డైరెక్టరు పని. ప్రెస్సుకు పోయేముందు కత్తెర ఆయన చేతికి వెళ్లింది. నేను రాయకుండా ఉంటానా? చేతిప్రతిని శుభ్రంగా తిరగరాసింది మా ఆవిడే. నా అక్షరాలు కంపోజిటరుకు అర్థం కావని ప్రతి పుస్తకాన్నీ ఆవిడే రాసిచ్చేది. ఆవిడ సాక్ష్యం చాలు. ఫోను కలిపి చెవిన పెట్టుకునే బండ ఎక్కాను.

"ఏమోయ్, వాలు నేల పుస్తకంలో ఏడో పేజీ గుర్తుందా?"

"రెండు వరుసలు" అంది వెంటనే. అంత వెంటనే అంటుందనుకోలేదు.

"ఎవరు తీశారు?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఏవండీ, అది పదిహేడో పేజీలోకి పోతోందని మీరే కొట్టేశారు. చట్రం తిప్పమన్న వరుసలు తీసేస్తే ఫరవాలేదా అని అడిగాను కూడా. చదివేవాడికి ఆమాత్రం తెలియదా అన్నారు."

"నేనలా అనలేదు."

"సరే."

"అనలేదంటున్నానా!"

"సరేనండి. మోకాలికి ఏమైంది?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బండ ఎక్కేటప్పుడు అమ్మా అన్నారు."

ఆగస్టు 3

అన్నాను.

బల్ల మీద ఆవిడ రాసిన కాగితాలు, పక్కన ఎర్రసిరా కలం. నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. ఆవిడ పీట మీద నిలబడే వెనక్కి తిరిగి అడిగింది. నేను చెప్పులు వేసుకుంటూ అన్నాను. చెప్పుల రంగుతో సహా గుర్తుంది.

ఆగస్టు 4

డైరెక్టరు ఏడో పేజీ చూసుకోమన్నాడు. ఇంకేమీ అనలేదు. అందరిముందూ అనలేదు, తలుపు వేసి అన్నాడు. నాకు పదకొండేళ్ల గోనెసంచులు రాశాడు, నిజమే. ఆ ఊళ్లలో దుంపలు పోయినవాళ్లకు నేనేం రాశాను?

అయినా ఆయనకు వాక్యం రాయడం రాదు. ఈ మాట మీద మాత్రం నిలబడతాను.

ఆగస్టు 5

పుస్తకం ఒకటి తీసుకుని కిందికి వెళ్లాను. ఆమె నారు మళ్లీ పోసుకుంటోంది. వెనక అట్ట మీద ఉన్న నా పేరు చూపించాను. ఆమెకు చదవడం రాదు. అందుకని నోటితో చెప్పాను. డెబ్బై ఒక్కేళ్లలో అంత పొట్టి వాక్యం ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ పుస్తకం రాసింది నేనే."

మట్టిచేతులతోనే పుస్తకం తీసుకుంది. బరువు చూస్తున్నట్టు ఎత్తి పట్టుకుంది.

"ఇంత పలచనిదా? మా ఆయన చెప్పేతీరు చూసి బస్తాడు ఉంటుందనుకున్నా."

"చోటు చాలక రెండు వరుసలు తీసేశాను. ఆ రెండే."

కోప్పడుతుందని నిలబడ్డాను. తిడితే పడదామనే వచ్చాను. ఆమె లేచి చేతులు దులుపుకుంది.

"ఆయన బతికుంటే నీతో పోట్లాడి ఉండేవాడు, అన్నా. ఓ పూటంతా పోట్లాడి, మళ్లీ ఆ పూటే అన్నం పెట్టేవాడు. నాకంత ఓపిక లేదు. రేపు పొద్దున్నే రా. నీ మట్టి నా మడిలో ఉంది, ఎత్తుకుపో. తర్వాత నా పైగట్టు వెంట కందకం తవ్వాలి."

అన్నా అంది. సారూ పోయింది. మంచిదే.

ఆగస్టు 19

రెండు వారాలుగా గంపలతో నా మట్టిని నేనే పైకి మోసుకుంటున్నాను. ఆమె గట్టు సగమైంది. నా కందకం పాతది పూడ్చి, మూడో గుర్తుతో కొత్తది మొదలుపెట్టాను. ప్రతి పొద్దునా మొదటి అంగకు ముందు చట్రం తిప్పి చూస్తున్నాను. ఒకసారి చూస్తే చాలదా అని ఆమె నవ్వుతోంది. చాలదు.

సెప్టెంబరు 14

పెద్ద వాన. పొద్దున ఆరింటి నుంచి పదింటిదాకా కందకం పక్కనే గొడుగు లేకుండా నిలబడ్డాను. నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే లోతులో లేచాయి. పనస ఆకు ఒకటి నడిమధ్య పడింది. ఇటు పోలేదు, అటు పోలేదు. చినుకు తగిలినప్పుడల్లా ఉన్నచోటే తిరిగింది.

కింది నుంచి ఆమె అరిచింది: "ఏం అన్నా, తెగిందా?"

"తెగలేదు!" అని అరిచాను. అంత గట్టిగా అరవక్కర్లేదు.

సెప్టెంబరు 30

లెక్క చూసుకున్నాను. దక్షిణం, పడమర గోడలు పూర్తి, గుర్తు పెట్టిన ఎత్తుకే వంటగట్టూ పూర్తి. ఉత్తరం మళ్లీ లేపాను, అదీ పూర్తి. తూర్పు గోడ నడుం దాకా వచ్చింది. వారం రోజుల్లో ఇంకో ఐదు వరుసలు ఆరవు. తడిగోడ మీద బరువు పెట్టి మోసం చెయ్యొచ్చు. లారీ వచ్చి వెళ్లేదాకా నిలబడుతుంది.

అలా కట్టను. కొట్టేసినచోటు కనిపించకుండా చెయ్యడం నాకు వచ్చు. ఇంక చెయ్యను.

రానీ లారీని. నేను ఎక్కను. ఎత్తి పడెయ్యాలి నన్ను.

అక్టోబరు 6

లారీ వచ్చింది. బావమరిది ముందు సీట్లోంచి దిగాడు. వెనకనుంచి ఆవిడ దిగింది, చేతిలో సంచి. వాడు వంటగది చుట్టూ తిరిగాడు, వేలితో గోడలు లెక్కపెట్టాడు. మూడు దగ్గర ఆగాడు.

"బావగారూ, నాలుగోది?"

"సగం."

"షరతు నాలుగు గోడలు."

"తెలుసు. ఓడిపోయాను. అయినా ఎక్కను. ఏం చేసుకుంటావో చేసుకో."

కింది చేను ఆవిడ గట్టెక్కి వచ్చి నిలబడింది. చంకలో గుమ్మడికాయ. "ఎవరు వీళ్లు, అన్నా? నిన్ను తోలుకుపోవడానికా? నా పైగట్టు ఇంకా పాతిక అంగలుంది, కుదరదు" అంది. బావమరిది ఆమెకేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు.

మా ఆవిడ ఇవేవీ వినలేదు. వంటగదిలోకి వెళ్లింది. గట్టు ముందు నిలబడి అరచెయ్యి దాని మీద ఆనించింది. వంగలేదు, మడమలు ఎత్తలేదు. నా వైపు చూడకుండా, సంచిలోంచి గిన్నె తీసి గట్టు మీద పెట్టింది.

"అక్కా, తూర్పు గోడ లేదు చూశావా?"

"చూశాన్రా. గాలి రావద్దూ? పొగంతా నా మొహానికేనా?" అంది. "ఆ లారీ ఊరికే ఎందుకు పోవాలి? ఏవండీ, ట్రంకుపెట్టెలో ఆ పుస్తకాలున్నాయా?"

"నలభై."

"ఇవ్వండి. ఏడో పేజీ కింద అంచులో చోటుంది, నేను రాస్తాను. మీ అక్షరాలు ఎవరికీ అర్థం కావు. వాడు దారిలో ఊరూరా ఇచ్చుకుంటూ పోతాడు."

"నేనా?" అన్నాడు కాంట్రాక్టరు.

గుమ్మడికాయ గట్టు మీదికి చేరింది. మధ్యాహ్నం మా లేత కర్రపెండలం ఉడికింది. వాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు, రాసుకున్నాను. ఆవిడ సాయంత్రం దాకా నలభై పుస్తకాల్లోనూ రాసింది. నేను చదివి సరిచూశాను. ఒక్క అచ్చుతప్పు లేదు.

ఈ నోటుబుక్కులో చోటుకు కరువు లేదు. ఇక్కడా రాసిపెడుతున్నాను:

చట్రాన్ని నిలబెట్టి తాడు పడినచోట గుర్తు పెట్టండి. కాళ్లు ఒకదాని చోట ఒకటి మార్చి నిలబెట్టి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమధ్య ఉన్నదే సమం.